బెల్లు తాత ఎడమ చెవి

బెల్లు తాత పోయాడన్న కబురు నాకు మాలూరు స్టేషన్లో తెలిసింది. ఫ్యాక్టరీలో పని ముగించుకుని ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడి ఉన్నాను. చిన్నప్పుడు ఒకే స్కూల్లో చదువుకున్నవాళ్ళం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పుట్టినరోజులకీ పండగలకీ తప్ప అందులో ఎవరూ పలకరు. ఆ సాయంత్రం మాత్రం అది వరసగా మోగింది.

"మన బెల్లు తాత పోయినాడంట" అని ఒకడు రాశాడు.

"ఏ తాత?" అని ఒకమ్మాయి అడిగింది.

"అదేనే, స్కూల్లో బెల్లు కొడతా ఉండె కదా. టోపీ ఆయప్ప."

ఆ తర్వాత చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటిలో నాదీ ఒకటి. రైలు వచ్చింది, ఎక్కాను, కిటికీ పక్కన చోటు దొరికితే కూర్చున్నాను. టేకల్ దాటాక గానీ ఏడుపు రాలేదు. ఎదురుగా కూర్చున్న ఆవిడ "ఏమైందమ్మా?" అని అడిగింది. ఎవరు పోయారని చెప్పను? చుట్టం కాదు, చదువు చెప్పిన గురువూ కాదు. ఆయన అసలు పేరేమిటో కూడా నాకు తెలియదు. "మా స్కూల్లో వాచ్‌మేను" అన్నాను. ఆవిడ నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది.

కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో తెల్ల దిబ్బలకు దగ్గరగా ఉండేది మా స్కూలు. గనిలోంచి తీసిన రాయిని పొడి చేసి, బంగారం వడకట్టుకుని, మిగిలిన మట్టిని పోసిన దిబ్బలవి. గాలి లేచిందంటే ఆ ధూళి క్లాసులోకి వచ్చి పుస్తకాల మీద పేరుకునేది. నేను మూడో తరగతికి వచ్చేసరికి గనులు మూతపడి మూడేళ్ళయి ఉంటుంది. పని పోయినవాళ్ళలో చాలామంది తెల్లారే రైలెక్కి బెంగుళూరికి పోయి అక్కడి ఆఫీసుల ముందు కాపలా ఉండేవాళ్ళు. బెల్లు తాత మాత్రం మా గేటు దగ్గరే ఒక స్టూలు వేసుకున్నాడు. అప్పటికి ఆయనకు యాభై ఉంటాయేమో. జుట్టు ముందే నెరిసిపోవడంతో పిల్లలందరికీ తాతే.

గని కింద ఇరవై ఏళ్ళకు పైగా రాతిని తొలిచే మిషను పట్టిన మనిషి. ఆ అలవాట్లు పైకి వచ్చాక కూడా పోలేదు. ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు తల ఎత్తి పైకప్పు చూసేవాడు. హెడ్‌మిస్ గదిలోకి టీ తెచ్చినా అంతే, గుమ్మంలో ఒక క్షణం ఆగి పైకి చూసి అప్పుడు లోపలికి వచ్చేవాడు. పిల్లలం ఆయన వెనక నిలబడి మేమూ పైకి చూసి కిసుక్కున నవ్వేవాళ్ళం. "నగండి నగండి. ఒక దినం పైన ఊడి పడితే తెలుస్తాది" అనేవాడు. పట్టపగలు కూడా చొక్కా జేబులో టార్చి ఉండేది. ఎవరైనా "బాగుండావా?" అని అడిగితే బాగున్నాననీ, లేదనీ చెప్పేవాడు కాదు. "పైకొచ్చినా కదా" అనేవాడు. కింద పనిచేసే రోజుల్లో షిఫ్టు ముగించుకుని ప్రాణాలతో పైకి రావడమే బాగుండడం. ఆ లెక్కే ఆయనకు చివరిదాకా ఉండిపోయింది.

అందరికీ తీయటి మనిషి కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను గేటు బయటే నిలబెట్టేవాడు, ఎంత బతిమాలినా వినేవాడు కాదు. బెల్లు మీద రాళ్ళేసే మగపిల్లలను తరుముతూ తమిళంలో తిట్టే తిట్లకు టీచర్లు చెవులు మూసుకునేవాళ్ళు.

నాకు ఏడేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి. వారం రోజులు జ్వరం. తగ్గిందని అమ్మ తలస్నానం చేయించి స్కూలుకు పంపింది. జ్వరంతో పాటు నా ఎడమ చెవి కూడా పోయిందని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. మిగతావాళ్ళు రెండు చెవులతో వింటారని నాకెవరు చెప్పాలి? లోకమే కాస్త దూరం జరిగిందనుకున్నాను. అమ్మ వంటింట్లోంచి పిలిస్తే పెరట్లోకి పరిగెత్తేదాన్ని. పక్కన కూర్చున్న పిల్ల ఏదో అంటే పలికేదాన్ని కాదు. నెల రోజుల్లో నాకొక పేరు వచ్చింది. పొగరు.

"పిలిస్తే పలకదు. తలకాయ కూడా తిప్పదు. ఏం పొగరు దీనికి!" అని మా క్లాసు మిస్ నన్ను బయట నిలబెట్టేది. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. యాభై మంది పిల్లలు, ఒక్కతే. ఒక పిల్ల తనను పట్టించుకోకుండా గోడ వైపు చూస్తోందని ఆవిడకు కనపడింది, అంతే.

బయట అంటే వరండా. వరండా చివర గేటు, గేటు దగ్గర ఆయన స్టూలు. అలా నేనూ ఆయనా ఒకే చోట చాలా పొద్దు గడిపాం. మొదట్లో ఏమీ మాట్లాడేవాడు కాదు. నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుంటే, "కూర్చో, మిస్ వస్తే చెప్తా" అని కనుసైగ చేసేవాడు.

ఒకరోజు నేను మెట్టు మీద కూర్చుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాను. ఉన్నట్టుండి ఆయన నా కుడి పక్కకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"పాపా" అన్నాడు.

తల తిప్పి చూశాను.

"ఇంతసేపూ ఆ పక్క నుంచి పిలస్తా ఉండా. మూడుసార్లు పిలిస్తి."

తిడతాడేమోనని భయపడ్డాను. ఆయన కింద నుంచి రెండు గులకరాళ్ళు ఏరుకుని, నా వెనక్కి వెళ్ళి, "మొగం తిప్పకూడదు" అన్నాడు. కాసేపటికి కుడి చెవి దగ్గర సన్నగా టక్‌మని మోగింది.

"వినపడిందా?"

"ఊ."

"ఇంగ ఇది?"

ఏదీ మోగలేదు. నేను అదే చెప్పాను. ఆయన ముందుకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. దొంగను పట్టుకున్నవాడి ముఖం కాదు. సంతలో అనుకోకుండా తన ఊరివాడిని చూసినవాడి ముఖం.

"పిలిస్తే వినపడతాది. యాడినుంచి పిలిచినారో తెలీదు. అంతేనా?"

తల ఊపాను.

"అందరూ ఒకేసారి మాట్లాడితే అంతా కలిసిపోయి గుయ్ అంటాది. అంతేనా?"

మళ్ళీ ఊపాను. నాలో ఉన్నదాన్ని ఇంకొకరు అంత సరిగ్గా చెప్పడం అదే మొదటిసారి. ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన టోపీ తీసి తన ఎడమ చెవిని వేలితో తట్టి చూపించాడు.

"నాదీ అదే చెవి. మిషను పక్కనే పెట్టుకొని కొట్టి కొట్టి పోయింది. నువ్వు పొగరు పిల్లవు కాదు పాపా. నీకు ఒక పక్క లేదు, అంతే."

మర్నాడు నేను స్కూలుకు వచ్చేసరికి మా బెంచీ చోటు మారిపోయి ఉంది. మధ్య వరసలో ఉండేది ఎడమ గోడ పక్కకు, ముందుకు జరిగింది. గోడ నా ఎడమకు, క్లాసంతా నా కుడికి. మిస్ వచ్చి "ఎవరు జరిపినారు ఇది?" అని అడిగింది.

బెల్లు తాత గుమ్మంలో నిలబడి, పైకప్పు చూసి, "ఆడ పెంకు పగిలి ఉండాది మిస్. కారతాది" అన్నాడు.

"వానలే లేవు కదప్పా?"

"వస్తే కారతాది మిస్."

ఆ రోజు లెక్కల పాఠం మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నాను. చాలా నెలల తర్వాత.

అయినా కథ అంతటితో కుదుటపడలేదు. అప్పటికే నా మార్కులు పడిపోయాయి, పేరు పాడైంది. ఒకరోజు ఆటస్థలంలో హెడ్‌మిస్ ఎడమ పక్క నుంచి నన్ను పిలిచిందట. నేను ఆవిడను దాటుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయానట. మర్నాడు మా నాన్నను పిలిపించారు. నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఎవరి ముందూ తల దించుకునే పని చేయని మనిషి. ఆ రోజు హెడ్‌మిస్ ఎదురుగా తల దించుకుని కూర్చున్నాడు.

"మా వల్ల కాదు సార్. వేరే స్కూలు చూసుకోండి" అంది ఆవిడ.

"వేరే స్కూలు ఎందుకు మేడం? చదువే వద్దు. సుగటూరులో మా అన్న ఉండాడు. పట్టుపురుగులకు ఆకేసుకుంటా ఆడే పడి ఉంటాది. అప్పుడన్నా పొగరు దిగుతాది."

నాన్న కోపంలో అన్నా, అన్నంత పనీ చేసే మనిషి. ఆ మాటలు నాకు స్పష్టంగా వినపడ్డాయి. ఆయన నా కుడి పక్కనే కూర్చున్నాడు మరి.

బెల్లు తాత టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు.

"మేడం, తప్పుగా అనుకోకండి. ఒక్క నిమిషం. సార్, మీరు లేచి పాప వెనక నిలబడండి. ఆ కిటికీ తట్టు, ఎడమ పక్కకి. బిడ్డను పిలవండి. మెల్లిగా, ఇంట్లో పిలిచినట్ల."

"ఏమయ్యా ఇది?" అంది హెడ్‌మిస్.

"ఒక్క నిమిషం మేడం."

నాన్న చిరాకుగానే లేచాడు. నేను హెడ్‌మిస్ ముఖం చూస్తూ నిలబడ్డాను. ఆవిడ నా వెనక్కి చూస్తోంది. మెల్లమెల్లగా ఆ ముఖంలో ఏదో మారింది. చేతిలో ఉన్న టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు. ఇంతలో కుడి చెవి వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది.

"బంగారూ."

వెంటనే తిరిగి చూశాను. నాన్న కళ్ళ నిండా నీళ్ళు. ఎడమ పక్క నిలబడి నన్ను ఐదారుసార్లు పిలిచాడని, చివరికి కుడి పక్కకు జరిగి పిలిచాడని తర్వాత అమ్మకు చెబుతుంటే విన్నాను.

"నీకెట్ల తెలిసింది?" అని హెడ్‌మిస్ అడిగింది.

"మా చుట్టాల్లో ఒకాయప్పకు ఇట్లే ఉండాది మేడం" అన్నాడు బెల్లు తాత, ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని. నా వైపు చూడలేదు.

ఆస్పత్రిలో డాక్టరు పరీక్ష చేసి, ఆ చెవి ఇక రాదని, ఉన్న చెవిని జాగ్రత్తగా చూసుకోమని చెప్పాడు. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. క్లాసు మిస్ నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. సుగటూరు మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోయింది. గేటు దగ్గర ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి అడిగాను.

"తాతా, చుట్టం ఎవరు? నీకే కదా వినపడనిది?"

ఆయన అటూ ఇటూ చూశాడు.

"చెవిటి వాచ్‌మేన్‌ను ఎవరు పెట్టుకుంటారు పాపా? గనిలో కూడా చెప్పలా నేను. చెప్పింటే కింద పనికి వద్దనేవాళ్ళు."

"మరి నా సంగతి అందరికీ చెప్పేస్తివి?"

"నువ్వు బిడ్డవి. నీ సంగతి చెప్తే బెంచీ మారుస్తారు. నా సంగతి చెప్తే మనిషినే మారుస్తారు."

ఆ మాట బరువు ఎనిమిదేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుంది? కానీ అది చెప్పకూడని సంగతి అని మాత్రం అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన నాకు ఒక పాఠం పెట్టాడు. రోజూ గేటు దగ్గర ఒక్కరికైనా నా చెవి సంగతి నేనే చెప్పాలి. మొదటి రోజు ఒకమ్మాయితో గొణుక్కుంటూ చెప్పాను, సగంలోనే ఏడ్చేశాను.

"ఏడస్తా చెప్తే పాపం అంటారు. పాపం అని వాళ్ళ దావన వాళ్ళు పోతారు. మామూలుగా చెప్పు. ఈ చెవి వినపడదు, ఈ పక్కకు రా. అంతే. మంచినీళ్ళు అడిగినట్ల అడుగు."

మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. వారం తిరిగేసరికి అది నిజంగానే మంచినీళ్ళు అడిగినట్టయింది. ఆ ఒక్క వాక్యాన్నే ఇప్పటికీ మోస్తున్నాను. కాలేజీలో చెప్పాను, ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు చెప్పాను, పెళ్ళి మాటలకు వచ్చిన అబ్బాయికి కాఫీ ఇవ్వకముందే చెప్పాను. అతను వెంటనే కుర్చీ మార్చుకుని కుడి పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు అతనే నా భర్త.

ఏడో తరగతి అయ్యాక నాన్నకు కోలారుకు బదిలీ అయింది. స్కూలు మారింది, ఊరు మారింది. ఒకసారి వెళ్ళి ఆయనను చూసి రావాలని అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. పిల్లలకు దూరం పెద్ద సాకు. పెద్దయ్యాక ఇంకా పెద్ద సాకులు దొరుకుతాయి.

ఐదారేళ్ళ కిందట బంగారుపేట బస్టాండులో కనపడ్డాడు. అదే టోపీ, జేబులో అదే టార్చి. మనిషి మాత్రం సగమైపోయాడు. బెంచీ మీద కూర్చుని బస్సుల బోర్డులు ఒక్కొక్కటే చదువుకుంటున్నాడు. నేను ఆయన వెనక నుంచి చుట్టి వెళ్ళి, కుడి పక్కన కూర్చుని, "తాతా, బాగుండావా?" అని అడిగాను.

చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. గుర్తుపట్టలేదనుకున్నాను. నేను పేరు చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు ఉండు. చెప్పకనే ఈ పక్కకొచ్చి కూర్చున్నావంటే నువ్వు ఆ పాపవే" అన్నాడు.

ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఏం చదివానని అడిగాడు, ఏం పని చేస్తున్నానని అడిగాడు. ఫ్యాక్టరీ అనగానే, "మిషన్ల కాడ చెవిలో దూది పెట్టుకొంటావా లేదా?" అని కోపంగా అడిగాడు. మిషన్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు చెవికి పెట్టుకునేవి ఫ్యాక్టరీవాళ్ళే ఇస్తారని చెప్పాను. "ఉన్నది ఒకటి. మర్చిపోవద్దు" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఇంటికి వస్తానని మాట ఇచ్చాను. వెళ్ళలేదు.

పోయాడని తెలిశాక వచ్చిన ఆదివారం వెళ్ళాను. గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన రేకుల ఇళ్ళ వరసలో ఆయన ఇల్లు. పెరట్లో మునగచెట్టు. అవ్వ, అంటే ఆయన భార్య, గుమ్మంలో చాప వేసుకుని కూర్చుని ఉంది. వెనక సందులోనే ఉండే కూతురు లోపల టీ పెడుతోంది. నేను ఎవరో చెప్పుకుని చాప మీద కూర్చున్నాను.

"మీ స్కూలు పిల్లోళ్ళు శానామంది వచ్చిపోయినారమ్మా" అంది అవ్వ. "గేటు బయట నిలబెట్టించుకొన్నోళ్ళే ఎక్కువ ఏడ్చినారు."

ఆయన గురించి చెప్పడం మొదలుపెట్టింది. సాంబారులో ఉప్పు ఎక్కువైనా మాట్లాడేవాడు కాదట. మనవరాలు జడ వేస్తానంటే తల వంచి కూర్చునేవాడట. చెబుతూ చెబుతూ నవ్వింది.

"ఇంగొకటి చెప్తే నువ్వు నమ్మవు. అన్ని ఏండ్లు గని కింద పనిచేసిన మనిషి కదా, చీకటంటే భయం! కరెంటు పోయిందంటే నన్ను నోరు తెరవనిచ్చేవాడు కాదు. 'ఉండుమే, దీపం పెడతా. ఆమీద చెప్పు' అనేవాడు. టార్చి తీసి నా మొగం మీద వేసేవాడు. వీధిలో అందరి ముందరా ఎగతాళి చేసేదాన్ని, మా ఆయప్పకు చీకటంటే భయమని. ఆయప్ప కూడా నగేవాడు గానీ కాదని అనలా."

నేను నవ్వలేదు. నవ్వలేకపోయాను. ఆలోచించకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఎడమ చెవి వినపడదు కదవ్వా. ఇంకో చెవి కూడా రానురాను తగ్గి ఉంటుంది. అలాంటప్పుడు పెదాలు చూస్తే గానీ మాట అందదు."

అవ్వ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఎవరికి వినపడదు?"

అప్పుడు తెలిసింది నాకు. గనిలో చెప్పలేదు, స్కూల్లో చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. ఇరవై ఏళ్ళకు పైగా దాచిన మాటను, ఆయన పోయిన వారం రోజులకే నేనే బయటపెట్టేశాను. తప్పు చేశాననిపించింది. కానీ అవ్వ నా ముఖంలోకే చూస్తోంది. దాటవేయడానికి మనసు ఒప్పలేదు. గులకరాళ్ళ నుంచి హెడ్‌మిస్ గది దాకా అంతా చెప్పాను.

 అంతా అయ్యాక అవ్వ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"ఎన్ని చెప్పుకొన్నానో అమ్మా ఆయప్పకు. మా అమ్మ పోయిన దుఃఖం, కడుపులోనే పోయిన బిడ్డ సంగతి, అన్నీ ఆయప్పకే చెప్పుకొంటిని. ఊ అంటా కూర్చొని వినేవాడు. అయితే అవన్నీ విన్నాడంటావా, లేదంటావా?"

"విన్నాడవ్వా. ఒక్క మాట పోకూడదనే కదా దీపం పెట్టుకున్నది."

అవ్వ వీధి వైపు చూసింది. ఎదురింటి ముందు ఎవరో సైకిలు కడుగుతున్నారు. తర్వాత కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని, లోపలికి తిరిగి కూతుర్ని కేక వేసింది.

"ఏమే, ఆ టీ ఆడ పెట్టి ఇట్ల రా. మీ నాయనకు చీకటంటే భయం లేదంటనే!"